రత్నమణి ముంచుకున్న నీళ్ళు

కర్నూలు నుంచి కడపకు పోయే కాలువ మీద, నంద్యాల దాటి దక్షిణానికి వస్తే, కొట్టాల లాకు అని ఒకటి ఉండేది. ఆ కాలువ తవ్వించిన దొరలు దాని మీద బారులు బారులుగా పడవలు నడుస్తాయని నమ్మారు. కాలువను నమ్మిన దొరలు తమ సీమకు వెళ్ళిపోయారు. దొరలను నమ్మిన లాకు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని కాయడానికి సర్కారు వారు నియమించిన లస్కరు ఏసేపు. అతని భార్య రత్నమణి. ఈ కథ రత్నమణిది. అయినా ముందు లాకు గురించి చెప్పక తప్పదు. ఆ ఇంట్లో ఏ సంగతికైనా మొదట లాకు, తరువాత ఏసేపు, ఇంకా ఏమైనా మిగిలితే రత్నమణి.

లాకు అంటే పడవలు దిగే మెట్టు. పైకాలువ ఎత్తుగా, కిందికాలువ పల్లంగా ఉన్నచోట మధ్యలో రాతి తొట్టి కట్టి, రెండు వైపులా తలుపులు పెడతారు. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు మెల్లగా వదిలి, పడవ దిగిన తరువాత ముందు తలుపు తీస్తారు. ఈ విద్యలో ఏసేపుకు తెలియని రహస్యం లేదు. తలుపుల ఇరుసులకు నెల నెలా ఆముదం పట్టించేవాడు. గొలుసులకు తుప్పు పట్టకుండా పీచుతో తోమేవాడు. తెల్లవారి లేస్తూనే చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని పైకాలువ వైపు చూసేవాడు. సాయంత్రం దీపం పెట్టక ముందే సర్కారు పుస్తకం తెరిచి, “ఈ దినము దాటిన పడవలు: లేవు” అని రాసి సంతకం చేసేవాడు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిన చదువంతా ఆ ఒక్క మాటకే వినియోగమైంది. ఇరవై ఎనిమిదేళ్ళు రాశాడు. చివరి సంవత్సరాలలో ఆ “లేవు”లోని కొమ్ము ఎంత సొగసుగా తిరిగేదంటే, నంద్యాల ఆఫీసులో గుమాస్తాలు దాన్ని ఒకరికొకరు చూపించుకొనేవారు.

ఇంత గొప్ప జలాధికారి ఇంట్లో తాగడానికి నీళ్ళు ఉండేవి కావు. కాలువ పారే నెలలలో ఎర్రటి బురద పారేది. వేసవిలో అదీ నిలిచిపోయి, లాకు తొట్టిలో తొండలు కాపురం పెట్టేవి. ఏ కాలమైనా మంచినీళ్ళు కావాలంటే మైలు దూరంలో ఉన్న కొట్టాల బావికి పోవలసిందే. ఏసేపు ముత్తాతలు మాలపల్లె వారు. తాతల కాలంలో పాదిరి దొర వచ్చి వాళ్ళ మతం మార్చాడు, పేర్లు మార్చాడు, ఆదివారం నాడు వేసుకొనే చొక్కా కూడా మార్చాడు. బావిని మార్చడం మాత్రం మరచిపోయాడు. అందుచేత రత్నమణి బావి చేదను తాకరాదు. పది బారల దూరంలో వేపచెట్టు కింద బిందె పెట్టుకొని నిలబడాలి. ఎవరైనా దయ తలచి చేది, పైనుంచి పోస్తే పట్టుకోవాలి.

ఆ దయ ఎక్కువగా రెడ్డిగారి ఇంటి పెద్దావిడ సుబ్బలక్ష్మమ్మది. మంచి మనిషి. ఆమెలో ఉన్న లోపమల్లా కబుర్లు. నిండు చేదను బావి గట్టు మీద ఆనించి, కోడలి మీద ఒక పురాణం మొదలుపెట్టి, కాండ పూర్తయ్యేసరికి మైమరచి ఆ నీళ్ళను తన బిందెలోనే పోసుకొనేది.

“అయ్యో, మళ్ళీ నాదాంట్లోనే పోస్తి! ఏమే రత్నమ్మా, నువ్వు వచ్చి శానా సేపాయనా?”

“ల్యాదమ్మా, ఇప్పుడే వస్తి” అనేది రత్నమణి. ఆమె వచ్చినప్పుడు కాళ్ళ దగ్గరున్న వేపచెట్టు నీడ, అప్పటికి ఆమెను వదిలి గోడ ఎక్కి ఉండేది.

రత్నమణికి నగల మీద ఆశ లేదు. చీరల మీద ఆశ ఉన్నా చెప్పుకొనేటంత లేదు. ఉన్న కోరిక ఒక్కటే. ఒక్కసారి, ఎవరినీ అడగకుండా, ఎవరూ పోయకుండా, తనంతట తాను వంగి మంచినీళ్ళు ముంచుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఈ మాట మొగుడితో అన్నది.

“దానికేమే? మన కాలవ ల్యా? పోయి ముంచుకో” అన్నాడు ఏసేపు.

“ఆ బురద బర్రెలు గూడా ముంచుకుంటాయిలే” అని ఆమె ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఇలా ఉండగా వెయ్యిన్ని తొమ్మిదివందల ఇరవై ఆరులో, శ్రావణ మాసపు ముసురులో, కొట్టాల లాకు చరిత్రలో మొట్టమొదటి నౌక కనిపించింది. అది ఎక్కడో వామి కూలి కొట్టుకు వచ్చిన జొన్నచొప్ప కట్ట. దాని మీద వణుకుతూ ఒక కుక్కపిల్ల. ఏసేపు చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. తేలుతూ ఉంది, పైనుంచి వస్తూ ఉంది, మీద ప్రాణి ఉంది. పడవ లక్షణాలలో ఏదీ తక్కువ లేదు. తక్షణం తలపాగా చుట్టుకొని లాకు మీదికి పరుగెత్తాడు. పై తలుపు తీశాడు. చొప్పకట్ట తొట్టిలోకి వచ్చింది. పై తలుపు మూశాడు. నీళ్ళు వదిలాడు.

ఆ గొలుసుల చప్పుడుకు రత్నమణి బయటికి వచ్చింది. “ఏమయ్యా, కొక్కెంతో లాగితే వచ్చేదానికి గంట సేపు ఈ తిరునాల ఏమి?”

“నువ్వు గమ్మునుండు. ఇది సర్కారు పని.”

కుక్కపిల్ల సర్కారు మర్యాదలతో మెల్లమెల్లగా కిందికాలువ మట్టానికి దిగింది. దానికి కైజరు అని పేరు పెట్టారు. సాయంత్రం పుస్తకంలో ఏసేపు “దాటిన పడవలు: ఒకటి. ప్రయాణికులు: ఒకరు” అని రాశాడు.

పక్షం తిరగక ముందే విచారణకు ఓవర్సీరు వచ్చాడు. సంగతి విని, ప్రయాణికుణ్ణి చూసి, లాకు గోడ మీద కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తరువాత జాలిపడి, “నీవు పడవలు చూడవలసిన చోటు ఇది కాదయ్యా ఏసేపూ. నేను కోస్తాలో పనిచేశాను. బెజవాడ నుంచి మద్రాసు దాకా కాలువే. సగం దూరం సముద్రం పక్కనే పోతుంది. అక్కడి లాకుల తలుపులకు పగలంతా విశ్రాంతి ఉండదు” అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. ఏసేపు అన్నీ విన్నాడు. సముద్రం మాట మాత్రం రెండుసార్లు చెప్పించుకొని విన్నాడు.

ఆనాడు సంగటి తింటూ ఏసేపు భార్యకు మాట ఇచ్చాడు.

“మే, నాకు పని ఇడిసినాక మనం ఆ పడవ ఎక్కుతాం. నువ్వూ నేనూ కైజరూ. అటు సూసినా నీళ్ళే, ఇటు సూసినా నీళ్ళే. కడవ ఎత్తే పని ల్యా. ఎవుర్నీ అడిగే పని ల్యా. పడవలో కూసోని సెయ్యి సాస్తే సాలు, నువ్వే ముంచుకోవచ్చు.”

రత్నమణి చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది. “మంచినీళ్ళేనా?”

ఏసేపు ఒక ముద్ద మింగాడు. దాని వెనకే ఇంకో ముద్ద మింగాడు. “నీళ్ళే మే! కాలవ నిండా నీళ్ళు!” అన్నాడు.

అది జవాబు కాదని ఆమె గమనించలేదు. జవాబు ఎలా ఉండాలో ముందే నిశ్చయించుకున్నవాళ్ళకు చెవులు అంతగా పనిచేయవు.

అది మొదలు తొమ్మిదేళ్ళు ఆ సంసారం పడవ మీద నడిచింది. బావి దగ్గర ఎండకు నిలబడి వచ్చిన భార్యకు ఇతరులు మజ్జిగ ఇస్తారు. ఏసేపు పడవ ఇచ్చేవాడు. ఆమె బిందె దించి ఉస్సురంటే చాలు, మాటల్లో తెరచాప ఎత్తేవాడు. బిందె మోసిన నెత్తిన బొబ్బ కడితే ఒకటి రెండు లాకులు ఎక్కువ దాటించేవాడు. ఆమె గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకొని, చెయ్యి చాచి ముంచుకొనేది.

ముప్పై అయిదులో ఏసేపు ఉద్యోగం ముగిసింది. మిషను వారు నంద్యాలలో ఒక గది ఇస్తామన్నారు. అందులో చేరే ముందే ప్రయాణం అనుకున్నారు. కొత్త లస్కరు లక్ష్మన్న భార్యకు రత్నమణి తన ఇత్తడి బిందెను, తలకు పెట్టుకొనే చుట్టకుదురును కూడా ఇచ్చేసింది.

ఏసేపు గబగబా అడ్డం వచ్చాడు. “మే, ఒక కడవన్నా పెట్టుకో. దోవలో పనికొస్తాది.”

“నీళ్ళ మీద పోయేటోళ్ళకు కడవెందుకయ్యా?” అని రత్నమణి నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అంత పెద్దగా నవ్వడం అతను వినలేదు. ఒక్క రాగి చెంబుతో బయలుదేరారు.

నంద్యాలలో రైలెక్కి, కైజరును జొన్నల సంచుల వెనక దాచి, గార్డు వచ్చినప్పుడల్లా దాని మూతి పట్టుకొని, ఎట్లాగో బెజవాడ చేరారు. నెల్లూరు వైపు పోయే ధాన్యం పడవలో చోటు దొరికింది. దాన్ని నడిపే సరంగు దుక్కలాంటి మనిషి. దాపటి గట్టు మీద నలుగురు మనుషులు భుజాలకు తాడు వేసుకొని పడవను లాగుతున్నారు. ఆ కాలువలో పారేది కృష్ణ నీళ్ళు.

మొదటి రోజు రత్నమణి పడవ అంచున కూర్చొని, చెంబు పట్టుకొని, వెనక్కూ ముందుకూ చూసింది. మళ్ళీ చూసింది.

“ఏందమ్మా, ఎవరి కోసం చూస్తన్నావు?” అన్నాడు సరంగు.

“ఎవుర్నన్నా అడగాల్నేమో అని.”

“ఎవర్ని? కాలవనా?”

ఆమె సిగ్గుపడి వంగింది. చెంబు బుడబుడమని నిండింది. తాగింది. మిగిలిన నీళ్ళు ఏంచేయాలో తెలియక కాసేపు పట్టుకొని కూర్చుంది. కర్నూలు జిల్లాలో నీళ్ళు ఒలకబోయడం పాపాలలో రెండో మూడో పాపం. చివరికి ధైర్యం చేసి, అటూ ఇటూ చూసి, మిగిలినదంతా కాలువలోనే పారబోసింది. ఏ దేవుడూ కోపించలేదు. ఇంకో చెంబు ముంచింది. అదీ పారబోసింది. ఆ తరువాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాళ్ళు కడిగింది, చీర జాడించింది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కైజరుకు మధ్యాహ్నంలోగా నాలుగు స్నానాలయ్యాయి. తొమ్మిదేళ్ళ జీవితంలో అన్ని స్నానాలు ఎరుగని ఆ జంతువు అయిదోసారి పిలిస్తే బస్తాల సందున దూరి పళ్ళు చూపించింది.

“నాకు ముందే సెప్పి ఉంటే మా అమ్మను గూడా తోలుకొచ్చేదాన్ని” అన్నది రత్నమణి. ఆమె తల్లి పోయి ఇరవై ఏళ్ళయింది.

ఏసేపు సంబరం వేరు. లాకు వచ్చిన ప్రతిసారీ దిగి, అక్కడి లాకు కావలివాడికి తాను ఫలానా అని చెప్పుకొని, తలుపుల చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు.

“ఏమప్పా, మీ ఇరుసులు ఏడుస్తాండాయి. ఆముదం పెట్టరా?”

“పెట్టే తీరికేడిదయ్యా? ఇది మూసేలోగా ఇంకోటి వస్తంది.”

ఆ తలుపులు అంచులన్నీ అరిగి, గీసుకుపోయి, నాచు పట్టి, చూడడానికి అసహ్యంగా ఉండేవి. ఏసేపు వాటిని చేత్తో తడిమి నిట్టూర్చేవాడు. తన తలుపులకు ఒక్క గీత కూడా లేదు.

రెండో రోజు సాయంత్రం సరంగు ఏసేపును పక్కకు పిలిచాడు. “రేపు పొద్దున్నే పెదగంజాం లాకు దాటతాం. అవతలంతా సముద్రపు పోటు వచ్చే కాలవ, ఉప్పు. మీ తాగే నీళ్ళు ఈ పూటే పట్టి పెట్టుకోండి. మా నీళ్ళ బాన మావోళ్ళకే సరిపోదు. అదీగాక…” అని ఆగాడు. ఆ “అదీగాక” ఎక్కడిదో ఏసేపుకు ఒకరు చెప్పనక్కర లేదు.

అతను భార్య దగ్గరికి పోయాడు. ఆమె కాళ్ళు నీళ్ళలో వేలాడవేసి, కైజరును ఒళ్ళో పడుకోబెట్టుకొని, ఏదో కూనిరాగం తీస్తోంది. చెప్పడానికి నోరు తెరిచి, “సలి ల్యాదు గదా?” అని అడిగి వచ్చేశాడు. తొమ్మిదేళ్ళు దాచినవాడికి ఇంకొక్క పూట దాచడం కష్టమనిపించలేదు.

పొద్దున పడవ లాకు దాటి, ఫర్లాంగు దూరం పోయి, ఉప్పు బస్తాలు ఎక్కించడానికి గట్టుకు ఆగింది. ఆ పని మరునాటి దాకా ఉంటుందన్నారు. రత్నమణి మొహం కడుక్కోవాలని చెంబు ముంచింది. పుక్కిలించింది. ఆగింది. ఉమ్మేసింది.

ఇటువైపు పడవకు పూసిన తారు కలిసిందేమో అనుకొని అటువైపు పోయి ముంచింది. అటూ అంతే. గట్టు దిగి, పడవకు ఇరవై గజాలు ముందుకు నడిచి, అక్కడ ముంచింది. మీదున్న నీళ్ళే చెడినాయేమో అని చెంబును మోచేతి దాకా లోపలికి దించి ముంచింది. కైజరు వచ్చి వాసన చూసి, తల ఎత్తి, ఏసేపు వైపు చూసింది.

తాడు లాగేవాళ్ళు నవ్వారు. “ఎంత దూరం పోయినా అంతేనమ్మా! మద్రాసు దాకా ఉప్పే!”

రత్నమణి చెంబు పట్టుకొని తిరిగి వచ్చింది. ఏసేపు తాడు ముడిని అత్యంత శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“నిన్న సాయంత్రం సరంగు సెప్పినాడు మే. నువ్వు సంతోసంగా ఉంటివి, అందుకని…”

“అంతకు ముందు?”

ఏసేపు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

“అంతకు ముందు, ఏసేపూ?”

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

“ఓవర్సీరు సెప్పినాడు. అప్పుడే. సగం మంచినీళ్ళు, సగం ఉప్పు అని.” తరువాత తన పక్షాన ఏదైనా న్యాయం ఉందేమో అని వెతికి, దొరికినదాన్ని ముందు పెట్టాడు. “నేను అబద్దం సెప్పల్యామే. నీళ్ళని సెప్పినా, నీళ్ళే ఉండాయి. రుచి ఒక్కటి సెప్పల్యా.”

రత్నమణి చెంబులోని నీళ్ళు కాలువలో పోసి, చెంబును కొంగుతో పొడిగా తుడిచింది.

“దప్పిక అయితాండాది” అన్నది. “నీళ్ళు తీసుకొని రా.”

తాడు లాగేవాడు ఒకడు జాలిపడి ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా ఇచ్చాడు. ఏసేపు దాన్ని ఇసుకతో తోమి, చేత పట్టుకొని, కైజరును వెంటబెట్టుకొని సరుగుడు తోపు అవతలి పల్లెకు పోయాడు. ఊరి మొదట్లోనే బావి. ఆడవాళ్ళు నలుగురైదుగురు తోడుతున్నారు. సర్కారు మనిషి నడవవలసిన తీరులో నడిచి దగ్గరికి పోయాడు.

“ఏ ఊరయ్యా?” అంది ఒకామె.

“కర్నూలు జిల్లా. సర్కారు వారి లాకు లస్కరును.”

“అది కాదు. ఏవుట్లు? ఏ కులం?”

ఏసేపు మిషను పేరు చెప్పాడు.

“అయితే అక్కడ నిలబడు.”

“అక్కడ” అంటే ఎక్కడో ఆ ఊరికి కొత్త అయినా అతనికి తెలిసింది. పది బారలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తన ఇంటికి నీళ్ళు వస్తూ ఉన్నాయి. అవి ఎలా వస్తాయో అతనికి సమాచారంగా తెలుసు, లాకు తలుపులు ఎట్లా తెరుచుకుంటాయో ఓవర్సీరుకు తెలిసినట్టు. ఆ పూట పనిలో దిగాడు. చెట్టు లేదు. ఇసుక కాలింది. ఒకామె పోస్తానన్నట్టు చేద ఎత్తి, పక్కామె ఏదో అంటే అటు తిరిగింది. ఇంకొకామె వచ్చింది, నింపుకుంది, పోయింది.

ఈలోగా కైజరు ఎవరినీ అడగకుండా బావి పక్కనున్న పశువుల తొట్టి దగ్గరికి పోయింది. తొట్టి ఖాళీ. అది నాలుక చాపి నిలబడింది.

“అయ్యో, నోరులేని జీవం” అని ఒకామె నిండు చేద తొట్టిలో కుమ్మరించింది.

ఏసేపుకు నోరుంది. కైజరు కడుపునిండా తాగి, తోక ఊపి, ఆ బావి నీడలోనే పడుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక ముసలామె అతని డబ్బాలో సగానికి పోసింది. “ఇందాకటి నుంచి ఉన్నావా? పిలవకపోయినావా?” అని కూడా అడిగింది.

తిరిగి వస్తూ దారంతా మాటలు కూర్చుకున్నాడు. తాను పడ్డ బాధ చెబితే ఆమె మనసు కరుగుతుందని అతని అంచనా. ఇన్నేళ్ళకు ఇద్దరికీ సమానమైన కష్టం ఒకటి దొరికింది, దాన్ని పంచుకోవచ్చు.

“మే, ఎంత సేపు నిలబెట్టినారో తెలుసునా?”

“తెలుసు” అన్నది రత్నమణి.

ఏసేపు డబ్బా ముందుకు చాపాడు.

ఆమె పడవలో లేదు. మూట కట్టుకొని, పొద్దున దాటివచ్చిన లాకు గోడ మీద నిలబడి ఉంది. లాకు తొట్టిలో ఉత్తరానికి తిరిగిపోయే మిరపకాయల పడవ ఒకటి ఎక్కుతూ ఉంది. డబ్బా అందుకొని రెండు గుక్కలు తాగి, తిరిగి ఇచ్చింది. “తక్కింది నువ్వు తాగు. కష్టపడి తెచ్చుకుంటివి.”

“మూటెందుకు? యాడికి పోతాండావు?”

“యెనక్కి. రెండు దినాల కాలవ ఉండాది గదా, మంచినీళ్ళది. ఆ రెండు దినాలూ నావి.”

“సముద్రం కోసెడు దూరం గూడా ల్యామే! ఇను, సప్పుడు ఇనపడతాండాది. ఇంత దూరం వచ్చి, అది సూడకుండా…”

“నువ్వు పోయి సూడు. నీకు కావల్సిందది.”

“నిన్ను ఇడిసిపెట్టి యట్ల పోదునే?”

“తొమ్మిదేండ్లు నన్ను ఇడిసిపెట్టే పోతివి. దోవ తెలుసులే.”

ఆమె గోడ దిగి మిరపకాయల పడవలో అడుగు పెట్టింది. కైజరు గోడ మీద మిగిలింది. ఏసేపు ఇటు, రత్నమణి అటు. ఏసేపు గొంతు సవరించుకొని, సర్కారు కొలువులో వాడిన స్వరంతో, “కైజర్! రా!” అన్నాడు. ఆ జంతువు ప్రాణం నిలబెట్టింది అతను. దాని కోసం పై తలుపు తీసిందీ, కింది తలుపు తీసిందీ అతను. ఎన్నిసార్లు పిలిచినా రత్నమణి మాట వినని కుక్క, ఆమె అంటే స్నానమని బస్తాల్లో దూరిన కుక్క. అది అతని వైపు తిరిగి మర్యాదకు తోక రెండుసార్లు ఊపింది. తరువాత పడవలోకి దూకి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

దక్షిణం పడవ సరంగు, ఇచ్చిన పడవ కేవు తిరిగి రాదని ముందే చెప్పేశాడు. మిరపకాయల పడవ సరంగు ఏసేపును కిందినుంచి పైదాకా చూశాడు.

“మావాడొకడు జ్వరంతో పడున్నాడు. తాడు పడతావా? పడితే నీ ఆడమనిషీ, కుక్కా ఊరికే రావచ్చు. లేదంటే ఆమెనూ దించేయాల.”

సరుగుడు చెట్ల అవతల సముద్రం హోరుమంటూ ఉంది. ఏసేపు ఆ వైపు చూశాడు, లాకు వైపు చూశాడు. తొట్టి ఇంకా ఎంత నిండాలో, తలుపు ఎంతసేపట్లో తెరుచుకుంటుందో లోకంలో ఎవరికైనా తెలిస్తే అతనికి తెలుసు. పరుగున పోయి ఒక్కసారి చూసి రావడానికి ఆ వ్యవధి చాలదు. ఇంకొకరైతే చాలుతుందేమో అని ఆశపడేవారు. లెక్క తెలిసినవాడికి ఆ సుఖం లేదు. తలపాగా విప్పి భుజం మీద మడత వేసుకొని, దాని మీద తాడు పెట్టుకున్నాడు.

ప్రవాహానికి ఎదురు లాగడమంటే ఏమిటో ఆ సాయంత్రానికి బోధపడింది. ఇరవై ఎనిమిదేళ్ళు పడవల కోసం ఎదురు చూసినవాడికి ఇప్పుడు ఒక పడవ పూర్తి బరువుతో దొరికింది. గట్టు మీది తుమ్మముళ్ళు, పీతల బొరియలు, ముందు నడిచేవాడి మడమలు, ఇవి తప్ప వేరే దృశ్యం లేదు. వెనక్కు తిరిగితే పడవ చివర రత్నమణి కనిపించేది. వంగుతుంది, ముంచుతుంది, తాగుతుంది, మొహాన చల్లుకుంటుంది, మిగిలింది పారబోస్తుంది. అతనితో మాట లేదు. ఆ రాత్రి పడవ ఆగినచోట సంగటి కూడా సరంగు చేతనే పంపింది.

రెండో రోజు మధ్యాహ్నం ఏసేపు నడక మందగించింది. తాడు వదులై నీళ్ళలో తేలింది. సరంగు పడవలోంచి కేక వేశాడు. “ఓ కర్నూలాయనా! నిద్రపోతన్నావా? పొద్దుగూకేలోగా పై లాకు చేరాల! లాగెహె!”

అప్పుడు రత్నమణి నోరు విప్పింది.

“అన్నా, ఆయప్పను తొందర పెట్టొద్దు. నెమ్మదిగానే లాగనీ.”

ఆ మాట గట్టు మీదికి వినిపించింది. ఏసేపుకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంతైనా కట్టుకున్నది, కడుపులో దయ ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. నొప్పి పెడుతున్న భుజం మీద తాడు సరిచేసుకొని, ఆమెకు కనిపించేటట్టు నవ్వు మొహం పెట్టి వెనక్కి తిరిగాడు.

రత్నమణి అతని వైపు చూడడం లేదు. మోకాళ్ళ మీద వంగి, చీర చెంగు నడుముకు దోపుకొని, తీరికగా చెంబు ముంచుతోంది.